బేస్‌మెంట్‌లో రేడాన్: ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి

"ఇన్‌స్పెక్షన్‌లో రేడాన్ 6.2 వచ్చిందండీ, ఈ ఇల్లు వదిలేయమంటారా?" మార్చి నుంచి జూన్ దాకా, అంటే అమెరికాలో ఇళ్లు కొనే రోజుల్లో, ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, ఇల్లినాయ్ అంటూ అడిగేవాళ్ల ఊరు మారుతుందే గానీ ప్రశ్న మారదు. ఇంకో రకంవాళ్లు ఇల్లు కొని పదేళ్లు దాటినవాళ్లు. "మా బేస్‌మెంట్‌లో ఏ వాసనా లేదు, మాకెందుకుంటుంది?" అంటారు. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసేస్తున్నాను.

మొదటివాళ్లకు జవాబు: వదిలేయక్కర్లేదు. రేడాన్ ఎక్కువున్న ఇంటిని చాలావరకు ఒక్క రోజు పనితో దారికి తేవచ్చు. రెండోవాళ్లకు: దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ముక్కుతో తేలే వ్యవహారం కాదు.

నేలలో, రాళ్లలో ఉన్న యురేనియం క్షీణిస్తూ పోయే క్రమంలో పుట్టే రేడియోధార్మిక వాయువు రేడాన్. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఇంటి కింద పుట్టినది మాత్రం ఇంటి అడుగున నేల మీద వేసిన కాంక్రీటు స్లాబ్ పగుళ్లలోంచి, సంప్ గుంటలోంచి (బేస్‌మెంట్‌లో చేరే నీళ్లను తోడే గుంట), పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికొస్తుంది. చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకి లేచి పై అంతస్తుల్లోంచి బయటికి పోతుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లే కింది నేలలోంచి గాలి పీల్చుకుంటుంది. అందుకే అదే ఇంట్లో జనవరి అంకె, జులై అంకె వేరుగా ఉంటాయి. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. అమెరికాలో ఏటా సుమారు 21,000 మరణాలు దీనివల్లేనని పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. సిగరెట్ తాగేవాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. ముందుగా తలనొప్పో దగ్గో వచ్చి హెచ్చరించదు.

అసలు ఈ గొడవంతా బయటపడింది 1984 డిసెంబర్‌లో. పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు కేంద్రంలోని రేడియేషన్ అలారాలను మోగిస్తూ వచ్చాడు. చూస్తే ఆ రేడియేషన్ ఇంటి నుంచి తెచ్చుకుంటున్నది! ఆయన ఇంట్లో లీటరు గాలికి దాదాపు 2,700 పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలమానం) తేలింది. కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది, మరమ్మతులు జరిగాక మళ్లీ అదే ఇంటికి తిరిగొచ్చింది. 6.2 చూసి అడ్వాన్స్ వెనక్కి తీసుకుందామనుకునేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు

అమెరికాలో కొలత లీటరు గాలికి ఇన్ని పికోక్యూరీలు అని ఉంటుంది, పైన చెప్పిన 6.2 కూడా అదే. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తగ్గించుకోవాలని ఈపీఏ చెబుతుంది, 2కీ 4కీ మధ్య ఉంటే ఆలోచించమంటుంది. సున్నా ఎక్కడా రాదు, బయటి గాలిలోనే 0.4 దాకా ఉంటుంది. కెనడా, బ్రిటన్‌లలో ఉన్నవాళ్లకు బెకెరెల్స్ అనే ఇంకో కొలమానంలో వస్తుంది: లీటరుకు 1 పికోక్యూరీ అంటే ఘనపు మీటరుకు 37 బెకెరెల్స్. ఆ రెండు దేశాల్లోనూ హద్దు 200. ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 దగ్గరే ఉంచుకోమంటుంది, అంటే 2.7 పికోక్యూరీలు. కాబట్టి 3.9 వస్తే పాసయ్యాం అని చేతులు దులుపుకోకండి. 4 అనేది ప్రమాదం మొదలయ్యే గీత కాదు.

కావలసినవి

- షార్ట్ టర్మ్ కిట్లు రెండు. బొగ్గు నింపిన చిన్న డబ్బాలో సంచులో ఉంటాయి. హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ల్యాబ్ ఫీజు ధరలో కలిసి ఉందో లేదో చూసి కొనండి. కొన్ని రాష్ట్రాలు ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తాయి, ముందు మీ రాష్ట్ర రేడాన్ ఆఫీసు వెబ్‌సైట్ చూడండి.
- తొందర లేకపోతే లాంగ్ టర్మ్ కిట్ ఒకటి, ఆల్ఫా ట్రాక్ అంటారు. కనీసం 90 రోజులు ఉంచాలి.
- టేపు, పెన్ను, ఫోన్‌లో అలారం.
- ఇంట్లో అందరి సహకారం. అన్నిటికన్నా కష్టంగా దొరికేది ఇదే.

డిజిటల్ మానిటర్ కొనొచ్చా అని అడుగుతారు. కొనండి, మంచిదే. కానీ దాని గంటగంటకీ మారే అంకె చూసి కంగారుపడకండి. వారం, నెల సగటే లెక్క. ఇల్లు కొనుగోలు వ్యవహారంలో మాత్రం మీ మానిటర్ అంకె చూపితే సెల్లర్ ఒప్పుకోడు, ప్రొఫెషనల్ పరీక్షే కావాలి.

1. ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకోండి

మనుషులు ఉండే అన్నిటికన్నా కింది అంతస్తులో పెట్టాలి. బేస్‌మెంట్‌లో హోమ్ ఆఫీసో, పిల్లల ఆటగదో, గెస్ట్ బెడ్‌రూమో ఉంటే అక్కడే. మన ఇళ్లలో ఆ గెస్ట్ బెడ్‌రూమ్ అంటే ఎవరిది? ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలది. మెట్లెక్కే బాధ లేదు, పక్కనే బాత్‌రూమ్ ఉంది, టీవీ ఉంది అని వాళ్లను కిందే పడుకోబెడతాం. ఇంటి మొత్తానికి రేడాన్ ఎక్కువగా ఉండే చోట, రోజులో ఎక్కువ గంటలు గడిపేది వాళ్లే. ఇల్లు కొంటున్నవాళ్లయితే ఇప్పుడు ఖాళీగా ఉన్నా రేపు వాడబోయే అంతస్తులోనే కొలిపించండి.

వంటగది, బాత్‌రూమ్, లాండ్రీ, సంప్ గుంట పక్క, ఫర్నేస్ గది వద్దు. తేమ, గాలి దుమారం బొగ్గు కిట్‌ను పాడుచేస్తాయి.

2. పరీక్షకు 12 గంటల ముందు ఇల్లు మూసేయండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పరీక్ష మొదలుపెట్టడానికి 12 గంటల ముందు నుంచి, పరీక్ష ముగిసేదాకా, అన్ని అంతస్తుల్లో కిటికీలు, బయటి తలుపులు మూసి ఉంచాలి. రాకపోకలకు తలుపు తీసి వెంటనే వేయొచ్చు. హీటర్, ఏసీ మామూలుగా నడవనివ్వండి. బయటి గాలిని ఇంట్లోకి లాగే పెద్ద ఫ్యాన్లు, కిటికీ ఫ్యాన్లు ఆపేయండి. గాలివాన, తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మొదలుపెట్టకండి.

నా సొంత నిర్వాకం చెబుతాను. మొదటిసారి కిట్ పెట్టిన రెండో రోజు ఇంట్లో చేపల వేపుడు. వాసనకు పై కిటికీలన్నీ తెరిచాం, అది చాలక బేస్‌మెంట్ స్లైడింగ్ తలుపు కూడా తీసిపెట్టాం. ఫలితం 2.1 వచ్చింది. సంబరపడి కాగితం ఫ్రిజ్‌కి అంటించాను. ఆ శీతాకాలం ఎందుకో అనుమానమొచ్చి మళ్లీ పెడితే 7.8. ఆ మధ్య నెలలన్నీ నేను రోజుకు తొమ్మిది గంటలు ఆ గదిలోనే కూర్చుని పనిచేశాను.

అందుకని ఆ రెండు మూడు రోజులకు పోపు ఘాటు లేని వంట చూసుకోండి, పప్పుచారు, పెరుగన్నం చాలు. స్టవ్ మీది ఫ్యాన్ కాసేపు వేసుకుంటే పరవాలేదు గానీ గంటల తరబడి వద్దు. "గాలి ఆడట్లేదమ్మా" అంటూ పొద్దున్నే లేచి కిటికీలు తెరిచే పెద్దవాళ్లుంటే ముందే చెప్పి, కిటికీ గొళ్లేనికి టేపు అంటించండి.

3. కిట్ తెరిచి పెట్టండి

నేల నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తులో, కిటికీలకు, బయటి తలుపులకు 3 అడుగులు, బయటి గోడకు అడుగు దూరంలో. చుట్టూ నాలుగు అంగుళాలు ఖాళీ ఉండాలి. సామాన్ల మధ్య, అల్మరా లోపల, హీటర్ గాలి వచ్చే రంధ్రం ఎదురుగా పెట్టొద్దు. మామూలు బల్ల మీద పెట్టి, పిల్లలకు "ముట్టుకోవద్దు" అని చెప్పేస్తే సరి. రెండు కిట్లున్నాయి కదా, పక్కపక్కనే నాలుగైదు అంగుళాల ఎడంతో పెట్టండి.

తెరిచిన తేదీ, సమయం అప్పటికప్పుడే ఫారంలో రాయండి. తర్వాత రాద్దాంలే అంటే మర్చిపోతారు, ఆ సమయం లేకపోతే ల్యాబ్ లెక్క కట్టలేదు.

4. మూసి, అదే రోజు పంపండి

ప్యాకెట్ మీద 48 గంటలనో 96 గంటలనో ఉంటుంది. దానికి కట్టుబడి మూత బిగించి, టేపు వేసి, ముగిసిన సమయం రాసి, అదే రోజు పోస్ట్ చేయండి. రేడాన్ అర్ధజీవితం 3.8 రోజులే, అంటే అన్ని రోజుల్లో సగం తరిగిపోతుంది. బొగ్గులో పట్టుకున్నది కవర్లో కూర్చుని తరిగిపోతూ ఉంటుంది. కారు సీటు మీద వారం తిరిగిన కిట్‌ని ల్యాబ్ లెక్కలోకి తీసుకోదు. సోమవారమో మంగళవారమో మొదలుపెడితే ముగిసే రోజు పోస్టాఫీసు తెరిచి ఉంటుంది.

5. ఫలితం వచ్చాక

రెండు కిట్ల అంకెలూ దగ్గరగా ఉన్నాయా? ఒకటి 3, ఇంకొకటి 9 వస్తే పరీక్షలోనే తేడా ఉంది, మళ్లీ పెట్టండి. దగ్గరగా ఉంటే సగటు తీయండి.

8 దాటితే లాంగ్ టర్మ్ అంటూ మూడు నెలలు కాలక్షేపం చేయకండి. వెంటనే ఇంకో షార్ట్ టర్మ్ పెట్టి, అదీ ఎక్కువొస్తే పనికి దిగండి. 4కీ 8కీ మధ్య వస్తే రెండో పరీక్ష షార్టో లాంగో మీ ఇష్టం. 2 నుంచి 4 మధ్య ఉండి, అది వేసవిలో చేసిన పరీక్షయితే, చలికాలంలో తప్పకుండా మళ్లీ చేయండి. కెనడావాళ్లకు ఈ తర్జనభర్జన లేదు, అక్కడి ఆరోగ్య శాఖ ఎలాగూ చలికాలంలో కనీసం మూడు నెలల పరీక్షే చేయమంటుంది.

పక్కింటివాళ్లకు 1.5 వచ్చిందని మీకూ అంతే అనుకోవద్దు. ఒకే బిల్డర్, ఒకే వీధి, ఒకే ప్లాన్ అయినా కింద మట్టి, స్లాబ్ పగుళ్లు వేరు. ఈపీఏ మ్యాప్‌లో మీ కౌంటీ తక్కువ జోన్‌లో ఉందని ఊరుకోవడమూ అలాంటిదే.

ఇల్లు కొంటున్నవాళ్లకు ఒక మాట: పరీక్ష జరిగే రోజుల్లో సెల్లర్ కుటుంబం ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది. కిటికీలు తెరవరని నమ్మకమేంటి? గంటగంటకీ నమోదు చేసే మానిటర్‌తో చేయించండి, అంకె హఠాత్తుగా పడిపోతే గ్రాఫ్‌లో తెలిసిపోతుంది. 4 దాటితే సెల్లర్ చేత రేడాన్ తగ్గించే సిస్టమ్ (పైపు, ఫ్యాన్) పెట్టించమనడం కన్నా, ఆ డబ్బు క్లోజింగ్‌లో, అంటే ఇల్లు చేతులు మారే రోజు లెక్కల్లో, తగ్గించుకుని మీరే పెట్టించుకోవడం మేలని నా అభిప్రాయం. ఎదుటివాడి డబ్బుతో ఎదుటివాడు పెట్టించేది చవకబారుగానే ఉంటుంది, పైపు సరిగ్గా మీ ముందు తలుపు పక్క నుంచి లేస్తుంది.

6. కాంట్రాక్టర్‌ని ఎంచుకోండి

రేడాన్ పనికి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో లైసెన్స్ తప్పనిసరి. మిగతాచోట్ల, రేడాన్ పనివాళ్లకు సర్టిఫికెట్లిచ్చే ఎన్ఆర్‌పీపీ లేదా ఎన్ఆర్‌ఎస్‌బీ సర్టిఫికెట్ అడగండి. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. మామూలు ఇంటికి 1,000 నుంచి 2,500 డాలర్ల మధ్య ఉంటుంది. ఫోన్‌లోనే ధర చెప్పేసి, ఇల్లు చూడకుండా తేదీ ఖాయం చేసేవాణ్ని పక్కన పెట్టండి. వచ్చినవాణ్ని ఇవి అడగండి: స్లాబ్ కింద గాలి కదులుతుందో లేదో చిన్న రంధ్రం వేసి చూస్తావా? పని అయ్యాక 4 లోపు తెస్తానని రాసిస్తావా? రాకపోతే ఇంకో పైపు ఉచితంగా వేస్తావా? ఫ్యాన్ వారంటీ ఎన్నేళ్లు?

టౌన్‌హోమ్ అయితే బయట గోడ మీద పైపుకు హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి ముందే తీసుకోండి.

7. ఏం పెడతారో తెలిసి ఉండండి

స్లాబ్‌కి రంధ్రం వేసి, కింద ఒక బకెట్ మట్టి తీసి గుంట చేస్తారు. అందులోంచి 3 లేదా 4 అంగుళాల పీవీసీ పైపు పైకి తీసుకెళ్లి, దారిలో ఫ్యాన్ బిగిస్తారు. ఇల్లు నేలలోంచి పీల్చుకునే లోపే ఫ్యాన్ పీల్చేసి కప్పు మీద వదిలేస్తుంది. సంప్ గుంట ఉన్నచోట దానికి గాలి చొరబడని మూత వేసి అక్కడి నుంచే లాగడం తరచూ చేసేదే. క్రాల్ స్పేస్ (ఇంటి కింద పాకి వెళ్లేంత ఎత్తున్న ఖాళీ) ఉంటే మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి, అంచులు గోడకు అతికించి, షీట్ కింద నుంచి లాగుతారు.

పనివాడు వెళ్లిపోకముందే ఈ మూడు చూడండి.

ఫ్యాన్ ఎక్కడుంది? అటకలోనో, గరాజ్ పైన ఖాళీలోనో, ఇంటి బయటో ఉండాలి. బేస్‌మెంట్‌లో మాత్రం ఉండకూడదు. ఫ్యాన్ దాటిన పైపులో గాలి తోపుడు మీద ఉంటుంది. అక్కడ ఒక అతుకు వదులైతే రేడాన్‌ని ఏరికోరి ఇంట్లోకి వదిలినట్టే.

పైపు చివర ఎక్కడుంది? కప్పు అంచుకు పైన, నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున, కిటికీలకు 10 అడుగుల దూరాన ఉండాలి. బట్టల డ్రయర్ గొట్టంలాగా పక్క గోడలోంచి బయటికి వదిలేసి పోయినవాళ్లనూ చూశాను.

గ్యాస్ వాటర్ హీటర్ ఉందా? ఫ్యాన్ స్లాబ్ కింద గాలితో పాటు ఇంటి గాలినీ లాగేస్తే, చిమ్నీలోంచి పోవాల్సిన పొగ వెనక్కి తిరగొచ్చు. బ్యాక్‌డ్రాఫ్ట్ పరీక్ష చేయించండి, ఆ అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. పెనం మీంచి పొయ్యిలో పడకూడదు కదా.

పనిచేయని దారులు

పగుళ్లకు సిమెంటు పూసి ఊరుకోవడం: సిస్టమ్‌కి తోడుగా పగుళ్లు మూయడం అవసరమే గానీ అదొక్కటే నమ్మదగినంతగా తగ్గించదు. కిటికీలు తెరిచి ఉంచడం: తెరిచినంతసేపే, జనవరిలో ఎన్ని గంటలు తెరుస్తారు? ఎయిర్ ప్యూరిఫయర్: దుమ్ముని పడుతుంది, వాయువుని ఆపలేదు. మొక్కలు, ధూపం, కర్పూరం గురించి అడిగేవాళ్లకు దండం పెట్టడం తప్ప ఏం చెప్పను! వంటగది గ్రానైట్ బండ పీకించమనే సలహా కూడా వినకండి, ఇంటి రేడాన్‌లో దాని వాటా సాధారణంగా లెక్కలోకి రానంత.

కొత్త ఇల్లు కొన్నవాళ్లు ఒకటి గమనించాలి. "రేడాన్ సిస్టమ్ ఉంది" అని బిల్డర్ చెప్పేది చాలాసార్లు ఫ్యాన్ లేని ఉత్త పైపు. అది సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు, కొలిస్తేనే తెలుస్తుంది. ఎక్కువొస్తే అదే పైపుకి ఫ్యాన్ బిగిస్తే చాలు, ఖర్చూ తక్కువ.

బేస్‌మెంట్ ఫినిష్ చేయించబోయేవాళ్లు ఇంకా తొందరపడాలి. హోమ్ థియేటరో పూజగదో కట్టి, కార్పెట్ వేసి, 30,000 డాలర్లు పోశాక రేడాన్ బయటపడితే కొత్త గోడ పక్కన పైపు లేపాలి, సీలింగ్ కోయాలి. ఉత్త కాంక్రీటు కనిపిస్తున్నప్పుడే కొలిచి, కావాలంటే పైపు వేయించేసి, తర్వాత గోడలు కట్టించండి. ఫినిష్ అయ్యాక ఇంకోసారి కొలవండి, ఇంటి గాలి నడక మారి ఉంటుంది.

8. మళ్లీ కొలవండి

ఫ్యాన్ ఆన్ చేసిన 24 గంటల తర్వాత, 30 రోజుల లోపు, మళ్లీ షార్ట్ టర్మ్ పరీక్ష. పాత చోటే, అవే నియమాలు. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి, పరీక్ష కదా అని ఆపేసినవాళ్లున్నారు. పెట్టినవాడే కొలిచి "1.1 వచ్చింది సార్" అంటే ధన్యవాదాలు చెప్పి, మీ సొంత కిట్ విడిగా పెట్టండి. చాలా ఇళ్లలో 2 కిందికి వస్తుంది. రాకపోతే రాసిచ్చిన హామీ చూపి రెండో గుంట తవ్వించండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి, ఇంటికి ఏదైనా పెద్ద మార్పు చేసినప్పుడల్లా కొలవండి.

బావి నీళ్లు వాడే ఇళ్లలో ఇంత చేసినా తగ్గకపోతే నీళ్లు పరీక్షించాలి. నీళ్లలో లీటరుకు 10,000 పికోక్యూరీలుంటే ఇంటి గాలిలో సుమారు 1 చేరుతుంది. ఊరి పైప్‌లైన్ నీళ్లు నది, చెరువు నుంచి వచ్చేవైతే ఈ బెంగ అక్కర్లేదు.

హైదరాబాద్‌లో మా అమ్మావాళ్లింట్లో?

ఇదీ అడుగుతారు. అక్కడ నేలంతా గ్రానైటే. కానీ ఇల్లు మూసిపెట్టుకుని బతికే చలి లేదు, నేలకింద పడగ్గదులుండవు. అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య కార్లు పెట్టుకునే ఖాళీ ఉందే, నేలకీ ఇంటికీ మధ్య గాలి ఆడేది అక్కడే. అమెరికాలో వేలు పోసి చేయించే పనిలో సగం ఆ పార్కింగే చేసిపెడుతోంది. సెల్లార్‌లో కిటికీల్లేకుండా ఏసీ వేసుకుని రోజంతా కూర్చునే ఆఫీసుంటే మాత్రం కొలిపించడంలో అర్థముంది.

9. నెలకోసారి ఆ గొట్టం వంక చూడండి

పైపు మీద ఆంగ్ల యు అక్షరంలా వంగిన చిన్న గొట్టం, అందులో రంగు ద్రవం ఉంటుంది. అదే మానోమీటర్. రెండు వైపులా ద్రవం ఎత్తు వేరుగా ఉంటే ఫ్యాన్ లాగుతున్నట్టు. సమానంగా ఉంటే లాగట్లేదు. పెట్టిన రోజే ఆ ఎత్తు దగ్గర మార్కర్‌తో గీత గీసి, తేదీ రాయండి. మా అమ్మ అది చూసి బీపీ మిషనా అనడిగింది, చూడాల్సిన విధానం చెప్పాక ఇప్పుడు నాకన్నా ఆవిడే బాగా గమనిస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి: అది ఫ్యాన్ పనిచేస్తోందని చెబుతుంది, రేడాన్ ఎంతుందో చెప్పదు. రెండు వైపులా సమానమైతే ముందు బ్రేకర్, స్విచ్ చూడండి. అటకలో ఏదో పనికొచ్చిన ఎలక్ట్రీషియన్ స్విచ్ ఆపి మర్చిపోవడం మామూలే. కరెంటు ఉండీ తిరగకపోతే ఫ్యాన్ మార్చాలి. కొత్త ఫ్యాన్ బిగించాక మళ్లీ ఎనిమిదో మెట్టు: 24 గంటలు ఆగి, కిట్ పెట్టి, చేపల వేపుడు వాయిదా వేసుకోవడం.